మెర్సీ సిస్టర్ కప్పుల బుట్ట

మెర్సీ సిస్టర్ ఇంట్లో ఏ రెండు కప్పులూ ఒక్క తీరుగా ఉండవు. ఆమె ఉండనివ్వదు. పొరపాటున ఎక్కడైనా జత కుదిరిందంటే ఆ పూట ఆమెకు అన్నం సహించదు. లోకంలో అందరూ సెట్టులో ఒక కప్పు పగిలితే బాధపడతారు. ఈమె పగలకపోతే బాధపడుతుంది. దేవరకొండలో దిగి మెర్సీ సిస్టర్ ఇల్లెక్కడ అని అడిగితే ఆటోవాళ్ళు తల గోక్కుంటారు. కప్పుల సిస్టరమ్మ ఇల్లంటే మాత్రం మీటరు దూరం తేడా లేకుండా గేటు ముందు దింపుతారు.

నేను ఆమె ఇంటి మేడమీద కిరాయికి ఉండేదాన్ని. మాది కొత్తకోట. బ్యాంకు ఉద్యోగం నన్ను తెచ్చి దేవరకొండలో పడేసింది. ఇల్లు చూడడానికి వచ్చిన రోజు నేను నల్లా నీళ్ళ గురించి అడుగుతున్నాను, ఆమె ఇంకేదో లోకంలో ఉంది.

"కొత్తకోటంటే బెంగుళూరు రోడ్డు మీద గద బిడ్డా?"

"అవునాంటీ. నీళ్ళు రోజూ వస్తయా?"

"హోటళ్ళు మస్తుంటయి గద ఆడ? పాత కప్పులు దొరుకుతయా?"

"పాతవా? ఎందుకాంటీ?"

"ఎందుకేంది! చాయ తాగనీకి."

నీళ్ళ సంగతి ఆ రోజు తేలలేదు. తర్వాతి నెల ఊరికి పోయినప్పుడు నీలం గీతలున్న, అంచు కాస్త విరిగిన కప్పొకటి పట్టుకొచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి, పసిబిడ్డను చూసినట్టు తిప్పి తిప్పి చూసింది. ఆ రోజు నుంచి నేను కిరాయిదారును కాను, ఇంటి మనిషిని.

నర్సు ఉద్యోగంలో ఉన్న కాలమంతా ఆమె చుట్టుపక్కల పల్లెలూ తండాలూ తిరిగి పిల్లలకు సూదులేసింది. మిగతా నర్సులు పల్లెల నుంచి సీతాఫలాలతో తిరిగొస్తే, ఈమె సంచిలో తువ్వాల చుట్టిన కప్పుతో తిరిగొచ్చేది. ఒక కొత్త స్టీలు గ్లాసు ఇచ్చి, ఒక చెవి విరిగిన కప్పు తెచ్చుకోవడం ఆమె వ్యాపారం. పెండ్లికి పిలిస్తే పెండ్లికూతురిని తర్వాత చూసేది, ముందు చాయలు పోసే దగ్గరికి పోయేది. ఆమె వస్తుంటే వంటవాళ్ళు కప్పుల మీద గుడ్డ కప్పేవారు.

ఇల్లు కూడా అంతే. అంగట్లో కొత్త బట్ట కొని, దాన్ని ఇంటికి తెచ్చి పాతది చేసేది. తెల్లటి కర్టెన్లను చాయ డికాక్షన్‌లో ఒక పూటంతా నానబెట్టి, నీడలో ఆరేసి, "గిప్పుడు కళ వచ్చింది" అని మురిసిపోయేది. చిరిగిన చీరల అంచులు కలిపి కుట్టిన టేబుల్ గుడ్డ, పగిలిన గాజు ముక్కలు అతికించిన అద్దం, గ్రీటింగ్ కార్డుల పూలు కత్తిరించి అంటించిన బిస్కెట్ డబ్బాలు. కెటిల్‌కు ఊలుతో అల్లిన టోపీ ఒకటుండేది. చాయకు వచ్చే దామోదర్ సార్ దాన్ని చూసినప్పుడల్లా, "సిస్టరమ్మా, నాకు సలికాలంల గిసొంటి టోపీ లేకపాయె" అనేవాడు.

శనివారం నాలుగు గంటలకు ఆ ఇంట్లో చాయ పండుగ. ఎండ ఆ చాయరంగు కర్టెన్ల గుండా లోపలికి వచ్చేసరికి గది గదంతా తేనెరంగుకు తిరిగేది. కిటికీలోంచి దూరంగా ఖిల్లా గుట్ట కనిపించేది. రేడియోలో ఏదో పాట, వినీ వినిపించనంత మెల్లగా. ఏలకుల వాసన, ఉస్మానియా బిస్కెట్ల వాసన. ఆవిరి వంకలు తిరుగుతూ పైకి పోతుంటే నేను బ్యాంకును, మేనేజర్‌ను, అసలు నా పేరును కూడా మరిచిపోయి, ఎవరో కంటున్న కలలో కూర్చున్నట్టు కూర్చునేదాన్ని. నాకు దేవరకొండ అంటే ఇప్పటికీ ఆ గదే.

చాయ పోసే ముందు మెర్సీ సిస్టర్ రెండు ముక్కల ప్రార్థన చేసి, కప్పుల బుట్ట తెచ్చేది. బుట్ట మీద తువ్వాల కప్పి ఉంటుంది. తువ్వాల కింద చెయ్యి పెట్టి ఏది చేతికొస్తే దాంట్లోనే తాగాలి. మార్చుకోవడం లేదు, ఏరుకోవడం లేదు. తహసీల్దారు వచ్చినా అదే చట్టం.

ఈ చట్టానికి నిండుగా బలైనవాడు దామోదర్ సార్. పెద్ద బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాడు, మాటకు మర్యాద, చాయకు ప్రాణం ఇచ్చేవాడు. ఆయన చేతికి ప్రతి శనివారం ఒకే కప్పు వచ్చేది. అది కప్పు కాదు, ఉగ్గుగిన్నెకు చెల్లెలు. ఒక్క గుక్కకు ఖాళీ.

"మళ్ళ గిదేనా! సిస్టరమ్మా, నా తలరాత గింతేనా?"

"ప్రభువు ఇచ్చింది తీసుకోవాలె సార్."

"ప్రభువు నాకు గంత చిన్నగ ఎందుకిస్తున్నడు?"

రెండోసారి పోయడం కూడా ఆ ఇంటి చట్టంలో లేదు. సార్ ఖాళీ కప్పులోకి చూస్తూ నిట్టూర్చేవాడు.

ఇంకో మనిషి జంగమ్మ. మా వాడ ఊడ్చేది ఆమె. మిగతా ఇళ్ళలో ఆమెకు చాయ గేటు దగ్గరే అందేది. స్టీలు గ్లాసులో తాగి, నల్లా కింద తానే కడిగి, గోడ మీద బోర్లించి పోయేది. ఎవరూ ఇక్కడే ఉండమన్నది లేదు, లోపలికి రమ్మన్నదీ లేదు. అలవాటు. మెర్సీ సిస్టర్ ఆమెను మొదట మెట్టు మీద కూర్చోబెట్టింది. కొన్ని నెలలకు గడప మీదికి తెచ్చింది. తర్వాత కుర్చీ అంచు మీదికి. కుర్చీలో వెనక్కి ఆని కూర్చోవడానికి జంగమ్మకు ఏడాది దాటింది. ఆనిన రోజు మెర్సీ సిస్టర్ కేకు చేసింది. దేనికని అడిగితే, "కర్టెన్లకు రంగు మంచిగ వట్టింది" అన్నది.

ఇంతలో మెర్సీ సిస్టర్ పుట్టినరోజు వచ్చింది. పక్కింటి ఉమారాణి నడుం బిగించింది. ఉమారాణిది బట్టల దుకాణం, వెన్నలాంటి మనసు, ఆలోచన కంటే ముందు పరుగెత్తే కాళ్ళు.

"పాపం రూపా, అక్క జిందగీ మొత్తంల ఒక్క సెట్టు కొనుక్కోలే. ఎవలో పారేసినయి ఏరుకొచ్చుకుంటాంది. మనం కొనియ్యాలె."

"ఆమెకు అవే ఇష్టమేమో ఉమక్కా" అన్నాను.

"పగిలినయి ఎవలకిష్టమే! నువ్వు ఊకో."

హైదరాబాద్ నుంచి సెట్టు దిగింది. గులాబీ పూలు, బంగారు అంచు, డజను కప్పులు, డజను సాసర్లు, వెంట్రుకవాసి తేడా లేదు. డబ్బా తెరిచినప్పుడు మెర్సీ సిస్టర్ ముఖంలో నవ్వు ఉన్నదిగానీ, ఎవరో కాలు తొక్కుతుంటే నవ్వే నవ్వు.

"మస్తున్నయి ఉమా" అని బుట్ట వైపు చెయ్యి చాచింది.

"ఇయ్యాల నువ్వు లేవద్దక్కా! నేను పోస్త" అని ఉమారాణి బుట్టను అలమరపైన పెట్టేసింది. కొత్త కప్పులు వరుసగా నిలబెట్టి, చకచకా పోసి, అందరి చేతుల్లో పెట్టింది. దామోదర్ సార్ జీవితంలో మొదటిసారి నిండు కప్పు అందుకుని కళ్ళు మూసుకున్నాడు. పుట్టినరోజని వచ్చినవాళ్ళు ఎక్కువ. పన్నెండూ అయిపోయాయి. అప్పుడే పని ముగించుకుని వచ్చిన జంగమ్మ తన కుర్చీలో కూర్చుంది. ఉమారాణి పరుగున వంటింట్లోకి పోయి, చేతికందిన స్టీలు గ్లాసులో చాయ పోసి తెచ్చి ఇచ్చింది.

జంగమ్మ గ్లాసును చూసింది. చుట్టూ గులాబీ కప్పులను చూసింది. మెల్లగా లేచి గేటు దగ్గరికి పోయి, నిలబడే తాగి, నల్లా కింద గ్లాసు కడిగి, గోడ మీద బోర్లించి, చీపురు తీసుకుని పోయింది.

అందరూ కేకు తింటున్నారు. మెర్సీ సిస్టర్ మాత్రం గోడ మీది గ్లాసును చూస్తూ ఉండిపోయింది. ఆమె ముఖం అలా చూడడం నాకదే మొదలు.

సోమవారం ఉమారాణి బస్టాండు పక్కన బీరప్ప చాయ హోటల్ ముందు కొయ్యబారి నిలబడింది. బీరప్ప బంగారు అంచు గులాబీ కప్పులో దర్జాగా చాయ తాగుతున్నాడు.

"అన్నా, గీ కప్పు ఏడిది?"

"సిస్టరమ్మ ఇచ్చింది. నా పాత కప్పు పట్కపోయింది. దానికి చెవి గూడ లేకుండె. ఆమెకేమన్న అయ్యిందా అమ్మా?"

మర్నాడు దవాఖానలో మందులిచ్చే అతని దగ్గర ఇంకో గులాబీ కప్పు. ఆ మర్నాడు మా బ్యాంకులోనే, మేనేజర్ బల్ల మీద, గుండుసూదులతో నిండి. ఉమారాణి మేడ మెట్లు రెండేసి ఎక్కి వచ్చింది.

"రూపా! నా సెట్టు ఊరంత తిరుగుతాంది! ప్రేమతోటి ఇస్తే గిట్ల పంచిపెడ్తదా? శనారం రానీ, అడుగుత!"

శనివారం వచ్చింది. ఉమారాణి మబ్బు పట్టినట్టు వచ్చి కూర్చుంది. దామోదర్ సార్, నేను, ఇంకా ఒకరిద్దరు. జంగమ్మ కుర్చీ ఖాళీ. గేటు బయట చీపురు చప్పుడు వినిపిస్తున్నది.

"అక్కా, నా కప్పులు నచ్చకుంటే జెప్పాలె గద" అన్నది ఉమారాణి.

మెర్సీ సిస్టర్ కెటిల్‌కు టోపీ తొడుగుతూ మెల్లగా అన్నది.

"నీ కప్పులు సక్కగున్నయి ఉమా. మా నాయిన బాలస్వామి హాలియా దిక్కు కూలికి పోయెటోడు. పొద్దుగూకినంక నన్ను భుజం మీద కూసోవెట్టుకొని హోటల్‌కు తోల్కపోయెటోడు. హోటల్ల గిలాసలన్ని ఒక్క తీరు, మెరుస్తుండె. మా నాయినది బయట చూరుల చెక్కి ఉంటుండె. తాగి, కడిగి, మళ్ళ ఆడనే పెట్టాలె. నాకేమెర్క? 'నాయినా, అందరియి ఒక్క తీరు, నీదొక్కటే యేరే, నువ్వు గొప్పోనివా?' అంటుంటి. ఆయన నవ్వి 'అవు బిడ్డా' అంటుండె."

ఆమె కప్పుల బుట్టను దగ్గరికి జరుపుకుంది.

"కప్పులన్ని ఒక్క తీరుంటే, తక్కువవడ్డనాడు ఒకలకు ఇంకోటి వస్తది. ఆ ఒకలు ఎవలో ముందుగాలనే తెలిసిపోతది. ఒకదానికొకటి పోలకుండ తీరొక్కటి ఉంటే గా బాధ లేదు. ఎవలకేదొచ్చినా ఎవలు గుర్తువడ్తరు?"

"అక్కా, నా మనసుల ఏం లేదు. చేతికేదొస్తే గది తెచ్చిన" అన్నది ఉమారాణి.

"నాకెర్కే బిడ్డా. నీ మనసుల లేదు. చెయ్యికే అలవాటున్నది."

ఉమారాణి తన చేతిని ఒకసారి చూసుకుంది. ఒక్క ఉదుటున గేటు దగ్గరికి పరుగెత్తింది.

"జంగమ్మా, లోపలికి రా. నేను పిలుస్తున్న."

"ఈడ మంచిగనే ఉన్నది తియ్యమ్మా. కాళ్ళ నిండ దుమ్మున్నది."

"మా అక్క ఎదురుసూస్తాంది."

"నాకు గిలాస సాలు."

"గిలాసలు లేవక్కా, అన్ని ఇచ్చేసిన" అని లోపలినుంచి మెర్సీ సిస్టర్ అరిచింది. నిజమే. స్టీలు గ్లాసులన్నీ కూడా ఆ వారమే మాయమయ్యాయి. పైన నావి రెండు కూడా.

అయినా జంగమ్మ కదలలేదు. ఉమారాణి వెనక్కి వచ్చి, చీర కొంగు దోపుకుని, టేబుల్ ఒక అంచు పట్టుకుంది.

"సార్, ఆ పక్క వట్టుండ్రి."

"ఏడికి?"

"బయటికి!"

చీరంచుల గుడ్డ, టోపీ పెట్టుకున్న కెటిల్, బిస్కెట్ డబ్బాలు, వెనక్కి వెనక్కి నడుస్తున్న హెడ్మాస్టరు, అన్నీ గుమ్మం దాటి, మెట్లు దిగి, గేటు దాటి వాడ మధ్యకు ఊరేగింపుగా వచ్చాయి. కుర్చీలు నేను మోశాను. ఎండ ఖిల్లా గుట్ట వెనక్కి దిగుతున్నది. వాడ వాడంతా చాయరంగు.

జంగమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"గిప్పుడే ఊడ్చిన! బిస్కెట్ ముక్క కింద వడ్డదంటే ఒక్కల్ను ఊకోను!"

"అయితే నువ్వు ముందల కూసొని సూస్కో" అన్నది మెర్సీ సిస్టర్, కుర్చీ లాగుతూ. జంగమ్మ అందరినీ ఒకసారి చూసి, కూర్చుంది. వెనక్కి ఆని కూర్చుంది.

బుట్ట తిరిగింది. జంగమ్మకు పచ్చ చిలుకల పెద్ద కప్పు వచ్చింది, చెంబెడు పడుతుంది. ఉమారాణి తువ్వాల కింద చెయ్యి పెట్టి తీస్తే గులాబీ కప్పు. సెట్టులో మిగిలిన ఒకే ఒక్కటి. ఆమె ముఖం విప్పారింది. దామోదర్ సార్ కళ్ళు మూసుకుని, దేవుళ్ళందరినీ తలుచుకుని తీశాడు. ఉగ్గుగిన్నె చెల్లెలు.

"మళ్ళ గిదే!" ఒక్క గుక్కలో తాగేసి, ఖాళీ కప్పులోకి చూస్తూ నిట్టూర్చాడు.

జంగమ్మ అప్పటికి తన కప్పులో రెండు గుక్కలు తాగింది. ఆయన నిట్టూర్పు విని జాలిపడింది.

"సారూ, సాసరు వట్టుండ్రి."

సార్ పట్టాడు. జంగమ్మ తన చిలుకల కప్పు వంచి సాసరు నిండా పోసింది. ఎదురింటి అరుగు మీద మాటలు ఆగిపోయాయి. దామోదర్ సార్ సాసరును రెండు చేతులా పైకెత్తాడు.

"ఆగక్కా!" మెర్సీ సిస్టర్ కేకేసింది. "సార్‌కు షుగరున్నది! గందుకే గద నేను ప్రతిసారి చిన్నది..."

చప్పున నాలుక కరుచుకుంది.

సార్ సాసరు మీదుగా ఆమె వైపు చూశాడు. "అంటే గిన్నేండ్ల సంది బుట్ట తిప్పిపెట్టుడు ప్రభువు పని కాదన్నట్టు."

మెర్సీ సిస్టర్ కెటిల్ టోపీని సర్దడంలో మునిగిపోయింది. ఉమారాణి తన గులాబీ కప్పును అనుమానంగా తిప్పి చూసుకుంది. నేను నా నీలం గీతల కప్పును చూసుకున్నాను, అంచు విరిగిన కొత్తకోట కప్పు. ఇంటిమీద బెంగ పడ్డ వారాల్లో అదే ఎందుకు నా చేతికొచ్చేదో అప్పుడు అర్థమైంది.

"ఒక్కనాటికి ఏం గాదు, తాగుండ్రి సారూ" అన్నది జంగమ్మ.

సార్ ఊదుకుని, వాడ చివరిదాకా వినిపించేలా జుర్రున తాగాడు. తాగి, మీసం తుడుచుకుని, సాసరు మళ్ళీ జంగమ్మ ముందుకు చాచాడు.

"ఇంక జర పొయ్యి."