చెవులు వినపడవని చెప్పాను

చార్మినార్ వెనక గల్లీలో మేముంటున్న మూడంతస్తుల వాటాల బిల్డింగుకు నూరేళ్లు దాటాయి. నిరుడు దాని చరిత్ర రాసుకుంటానని ఒక కాలేజీ అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఆమె ముందు గొప్పగా కనబడాలనిపించి, "మా తాతనే దగ్గరుండి కట్టించిండు" అనేశాను. నిజానికి మా నాన్న ఇక్కడికి కిరాయికి వచ్చినవాడు. కట్టేటప్పుడు డంగు సున్నం మోసింది, పై వాటాలో ఒంటరిగా ఉండే ముసలమ్మ వాళ్ల తాత. ఆరోజు నేను చెప్పిన కథలన్నీ చిన్నప్పుడు ఆమె దగ్గర విన్నవే.

అంతలో ఆమె మెట్లు దిగి వచ్చింది.

"అవ్వా, ఈ బిల్డింగు గురించి నీకేమన్న యాదికున్నదా?" అని ఆ అమ్మాయి అడిగింది. నేను గబుక్కున అడ్డం పడ్డాను.

"ఆమెకు చెవులు ఇనబడయమ్మా."

ముసలమ్మ నా వైపు ఒకసారి చూసింది. తర్వాత నిజంగానే వినపడనట్టు ఊరికే నిలబడింది. నా పరువు పోకూడదనే అలా చేసిందని అర్థమై నేను తలెత్తలేకపోయాను.

రెండు రోజులు ఆమె కంటబడకుండా తిరిగాను. మూడో రోజు ఆ అమ్మాయికి ఫోన్ చేసి, నిజం చెప్పి, మళ్లీ పిలిపించి పై వాటాకు తీసుకెళ్లాను. గుమ్మంలోనే "తప్పయింది పెద్దమ్మా" అన్నాను.

"గిదేంది బిడ్డా, నువ్వు గూడ వచ్చి కూసో" అందామె.

కూర్చున్నాను. వాళ్ల తాత పేరు ఆ అమ్మాయి రాసుకుంటుంటే, ఇన్నేళ్లలో నేను ఆ పేరు ఒక్కసారైనా అడగలేదని తెలిసొచ్చింది.