పైలం అనే పిల్లవాడు

నా ముందు దయ్యం కథ మొదలుపెట్టినవాళ్లెవరూ దాన్ని చివరిదాకా చెప్పిన పాపాన పోలేదు. కాకినాడలో మా పిన్ని ప్రతి సెలవులకీ ఓ కొత్త దయ్యాన్ని పట్టుకొచ్చేది. "నువ్వు చూశావా, పక్కింటావిడ చూసిందా?" అని నేను అడిగేసరికి మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇప్పటికీ నేను దయ్యాల్ని నమ్మను. నమ్మకుండానే ఈ సంగతి చెబుతున్నాను కాబట్టి, నమ్మమని మిమ్మల్నీ అడగను.

తొంభైల చివర్లో హైదరాబాద్‌లో జర్నలిజం చదువుకున్నాను. యూనివర్సిటీ పేరెందుకు గానీ, కొండాపూర్ నుంచి ఆటోలో వెళ్లేంత దూరం. అప్పటికి హైటెక్ సిటీ అంటే కొత్తగా లేచిన ఒక పెద్ద భవనం, దాని చుట్టూ బండలు, తుమ్మచెట్లు, రోజంతా తిరిగే టిప్పర్లు. రాయదుర్గం వైపు బండలు పేలుస్తుంటే మా క్లాసురూము కిటికీలు గడగడలాడేవి. సారు పాఠం ఆపి, చప్పుడు అయిపోయాక మళ్లీ అందుకునేవారు.

చివరి ఏడాది ప్రతి జట్టూ క్యాంపస్ సమస్య మీద ఒక చిన్న డాక్యుమెంటరీ తియ్యాలి. అందరూ హాస్టల్ నీళ్లనీ, క్యాంటీన్ చారునీ పట్టుకున్నారు. నేను గోడ సందుని పట్టుకున్నాను.

క్యాంపస్ వెనకవైపు పాత రాతిగోడ ఉండేది. ఒకచోట రాళ్లు పడిపోయి, మనిషి పట్టేంత సందు ఏర్పడింది. దానికి అవతల పాలమూరు, మెదక్ పల్లెల నుంచి కూలిపనికి వచ్చినవాళ్ల బస్తీ. ఆ ఆడవాళ్లే మా హాస్టళ్లు ఊడ్చేవారు, మా మెస్‌లో వండేవారు. వాళ్ల పిల్లలు ఆ సందులోంచి వచ్చి, క్యాంపస్ దాటి, అటువైపున్న సర్కారు బడికి వెళ్లేవారు. ఆ ఏడాది పాత గోడ స్థానంలో కొత్త ప్రహరీగోడ కడుతున్నారు. సందు మూసేస్తే పిల్లలు టిప్పర్ల రోడ్డు మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాలి.

మా మెస్‌లో కూర వడ్డించే బాలమణి నాతో తేల్చి చెప్పింది. "ఆ సందు మూస్తే పిల్లల బడి బందే మేడం. లారీల కింద ఏస్కుంటమా చెప్పు."

పరీక్షలకు ముందు అందరి సినిమాలూ ఆడిటోరియంలో వేస్తారు, గోడ సంగతి చూసే కమిటీ పెద్దలు ముందు వరుసలో కూర్చుంటారు అని సారు చెప్పారు. అంటే వాళ్లని కాసేపు కదలకుండా కూర్చోబెట్టి ఆ సందుని చూపించగలిగే అవకాశం మాకు ఒక్కటే. ఈలోగా మేస్త్రీలు రోజూ కొంచెం కొంచెం దగ్గరికి వస్తూనే ఉన్నారు.

మా జట్టులో ఇద్దరమే. కెమెరా నర్సింగ్‌ది. సిద్దిపేట దగ్గర పల్లెటూరి మనిషి, కొంపలు అంటుకున్నా నింపాదిగా చెంబు వెతుక్కునే రకం. దర్శకత్వం, సౌండు నావి. వాటితోపాటు కోపం కూడా నాదే. ఈ నోటితో, ఈ కోపంతో ఎప్పుడో ప్రాణం మీదికి తెచ్చుకుంటావే అని మా అమ్మ ఫోను చేసినప్పుడల్లా అనేది.

ఆ రోజు మధ్యాహ్నం పిల్లలంతా బడిలో ఉన్నారు. బస్తీ పనికి పోయింది. ఆ సమయం కావాలనే ఎంచుకున్నాను. ఎక్కడ షూటింగ్ చేసినా మాటలేమీ లేకుండా ఆ చోటు చప్పుడు కాసేపు విడిగా రికార్డు చేసుకోవాలి. గాలి, పిట్టలు, దూరంగా లారీలు, అంతే. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య అతుకు వేయడానికి అది పనికొస్తుంది. అది దొరికేదాకా ఎవరూ దగ్గకూడదు కూడా.

నేను సందు పక్కన గోడ నీడలో, మెస్ నుంచి తెచ్చుకున్న చిన్న స్టూలు మీద కూర్చున్నాను. టేప్ రికార్డరు భుజానికి, మైకు చేతిలో, చెవులకి హెడ్‌ఫోన్లు. క్యాసెట్టు కొత్తది, కవరు నేనే చింపాను. నర్సింగ్ దూరంగా చెట్టు కింద స్టాండు మీద కెమెరా పెట్టి, సందు మొత్తం కనిపించేలా తీస్తున్నాడు.

కాసేపు బాగానే సాగింది. తర్వాత హెడ్‌ఫోన్లలో ఒక ఆడగొంతు వినిపించింది. ముసలి గొంతు, కొంచెం జీర ఉంది. "పైలం... పైలం బిడ్డా..."

ఎవరో పిల్లవాణ్ని పిలుస్తోంది అనుకున్నాను. పైలయ్య అని మా హాస్టల్లో తోటమాలి ఉండేవాడు, అలాంటి పేరే అనిపించింది. సందు వైపు చెయ్యి ఊపి, దూరంగా పొమ్మని సైగ చేశాను. గొంతు ఆగలేదు. పిలుస్తూనే ఉంది, అదీ గోడకి అటువైపు, నా వీపు వెనకే ఉన్నట్టు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత ఎండలో కూర్చుని ఒక్క ముక్క నిశ్శబ్దం దొరకబుచ్చుకుంటుంటే ఈవిడకి పిల్లవాణ్ని పిలవడానికి ఈ చోటే దొరికిందా. స్టూలు మీంచి విసురుగా లేచి, మైకు పట్టుకునే సందులోంచి అవతలికి వెళ్లాను. "ఏమండీ, ఆ పైలం ఇక్కడ లేడండీ" అన్నాను.

అక్కడ ఎవరూ లేరు. బండలు, ముళ్లపొదలు, ఆరేసిన ఒక చీర. మనిషి దాక్కునే చోటు కూడా కాదది.

అప్పుడే పేలింది. కొత్త రోడ్డు కోసం బండ పేల్చారట. రోజూ ఎర్రజెండా ఊపి విజిల్ వేసేవారు, ఆ రోజు మా ఇద్దరికీ విజిల్ వినపడలేదు. నేను చెవులు మూసుకుని గోడకి ఒదిగిపోయాను. దుమ్ము తగ్గాక ఇవతలికి వచ్చి చూస్తే స్టూలు లేదు. దాని చోట మా పిన్ని రుబ్బురోలంత రాయి ఉంది. కింద చెక్కముక్కలు.

నర్సింగ్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. అంత నిదానస్తుడు నా భుజాలు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అతనికి ఏ గొంతూ వినపడలేదు. నేను ఎందుకు లేచానో కూడా తెలియదు.

సాయంత్రం మెస్‌లో బాలమణిని అడిగాను. "అక్కా, మీ బస్తీలో పైలం అని పిల్లవాడెవరైనా ఉన్నాడా? వాళ్ల నానమ్మో ఎవరో పిలుస్తుంటే లేచి బతికిపోయాను."

బాలమణి గరిటె పక్కన పెట్టి మరీ నవ్వింది. నర్సింగ్ కూడా అన్నం ముద్ద నోట్లో పెట్టుకోలేక నవ్వాడు.

"పైలం అంటే పిల్లగాడు గాదు మేడం. పైలంగ పో, పైలంగ రా అంటం గద. జాగర్త అన్నట్టు."

సిగ్గేసింది. రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటూ ఆ మాట నా చెవిన పడకపోవడం ఏమిటో. నా పరువు కాపాడుకోవడానికి, కావాలంటే విను అని హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి పెట్టి టేపు తిప్పాను.

బాలమణి నవ్వుతూనే వినడం మొదలుపెట్టింది. తర్వాత నవ్వు పోయింది. రెండు చేతులతో హెడ్‌ఫోన్లను చెవులకి అదుముకుని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

"మా అమ్మ" అంది.

సాయమ్మ. ఆ సందు దగ్గర గంపలో జామకాయలు పెట్టుకుని అమ్మేదట. పొద్దున బస్తీ పిల్లలు బడికి పోతుంటే ఒక్కొక్కరికీ "పైలం, పైలం బిడ్డా" అని చెప్పి పంపేదట. నేను యూనివర్సిటీలో చేరకముందే జ్వరమొచ్చి చనిపోయింది.

"అమ్మది ఫోటువ గూడ లేదు మేడం మాకు. గొంతన్న దొరికింది. తుడిపెయ్యకు." ఆమె అలా అనేసరికి నాకు ఏడుపొచ్చింది. సరే అన్నాను. అప్పటికప్పుడే క్యాసెట్టు మీద చెరిగిపోకుండా అడ్డుండే ప్లాస్టిక్ ముక్క విరిచేశాను.

సినిమా చివర్లో పిల్లలు సందులోంచి వరసగా వెళ్లే దృశ్యం ఉంది. దాని మీద ఆ గొంతు వేశాను. ఎవరిదమ్మా ఈ గొంతు అని సారు అడిగారు. బస్తీ మనిషిదండి అన్నాను. అందులో అబద్ధం ఏముంది?

ప్రదర్శన రోజు బాలమణి, బస్తీ ఆడవాళ్లు, పిల్లలు ఆడిటోరియానికి వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడ్డారు. నేను ఊరుకోలేదు. అందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టాకే లైట్లు తీయనిచ్చాను. ముందు వరుసలో కమిటీ పెద్దలు గడియారాలు చూసుకుంటున్నారు.

గొప్పలు అనుకున్నా సరే, బాగా తీశాం. చుట్టుదారి ఎలా ఉంటుందో చూపడానికి తీసిన, టిప్పర్ల పక్కన పిల్లలు నడిచే దృశ్యం రాగానే గడియారాలు చూసుకోవడం ఆగింది. చివరికి సందు వచ్చింది. తెర మీద పిల్లలు ఒక్కొక్కరే గోడ దాటుతున్నారు. గొంతు వినిపించింది. "పైలం, పైలం బిడ్డా..."

వెనక వరుసల్లోంచి పిల్లలంతా ఒక్కసారే జవాబిచ్చారు. "సరే అవ్వా."

వాళ్లకి ఎవరూ ఏమీ చెప్పలేదు. గొంతు సంగతి తెలిసింది నాకూ, నర్సింగ్‌కీ, బాలమణికీ మాత్రమే. బడికి పోయేటప్పుడు ఆ ముసలామెకి రోజూ చెప్పిన జవాబే అలవాటుగా నోటికి వచ్చేసింది. ముందు వరుస పెద్దలు వెనక్కి తిరిగి చూశారు. తెర మీదున్న పిల్లలే కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. ఆ పెద్దల్లో ఒకాయన చాలాసేపు మళ్లీ తెర వైపు తిరగలేదు.

కొత్త గోడ ఆ సందు దాకా వచ్చి ఆగింది. అటొక స్తంభం, ఇటొక స్తంభం కట్టి చిన్న ఇనుప గేటు పెట్టారు, పగలంతా తీసి ఉంచమన్నారు. తర్వాత ఉద్యోగంలో చాలా రాశాను, చాలా తీశాను. కానీ నేను చేసిన పని ఏదని ఎవరైనా అడిగితే ముందు ఆ గేటే గుర్తొస్తుంది. నానక్‌రామ్‌గూడ వైపు ఎప్పుడు వెళ్లినా కాస్త చుట్టు తిరిగైనా దాన్ని చూసి వస్తాను.

గొంతు సంగతే నాకు తేలలేదు. పాత రికార్డింగ్ మిగిలి ఉంటుంది అని కొందరన్నారు. క్యాసెట్టు కొత్తది, పైగా రికార్డు చేస్తుండగానే నేను విన్నాను. వేరే ముసలామె ఎవరో అయ్యుండాలి అన్నారు. కన్నకూతురు పొరపడిందే అనుకుందాం, అంతమంది పిల్లలూ పొరపడతారా? నర్సింగ్ తీసిన టేపులో సందు పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. కోపంగా లేస్తాను, సందు దాటతాను, రాయి పడుతుంది. ఇంకో మనిషి లేదు.

ఆ టేపు చూస్తూ నర్సింగ్ ఒకరోజు అన్నాడు. "నీ జాగల నేనుండంగ ఇనవడితే సచ్చేటోన్ని వసుధా. పైలం అంటే ఏడున్నోన్ని ఆడనే ఆగుత గద."

నిజమే. ఆ మాట తెలిసినవాళ్లెవరైనా అక్కడే ఆగి అటూ ఇటూ చూసేవాళ్లు. నాకు తెలియదు కాబట్టి తిట్టడానికి లేచాను. బస్తీ పిల్లలందరికీ ఆ ఒక్క మాటే చెప్పిన సాయమ్మ, ఎన్నడూ చూడని నాకూ అదే చెప్పింది. నేను దాన్ని తప్పుగా అర్థం చేసుకుంటానని ఆమెకి ముందే తెలుసా అన్నదే నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మా అమ్మాయి స్కూటీ తీసినప్పుడల్లా గుమ్మంలోంచి "పైలం" అంటాను. అదేం మాటమ్మా అని విసుక్కుంటూనే వెళ్తుంది.