కుర్చీలు మడిచేదెవరు?

నేను తొమ్మిదో తరగతిలో చదువును వదిలేశాను. చదువు నన్ను ఆరో తరగతిలోనే వదిలేసింది. న్యూజీలాండ్‌కు కూడా నా భార్య స్వప్న నర్సు ఉద్యోగం మీద వచ్చింది, నేను ఆమె సామానుతో పాటు వచ్చాను. ఇలాంటి నాకు సమాజశాస్త్రం నేర్పాలని ఒకావిడ పంతం పట్టారు. నిన్న పక్కింటి కివీలు, అదే ఈ దేశంవాళ్లు, బార్బెక్యూ ముగించి ఇనుప కుర్చీలు మడుస్తుంటే, ఆ టపటపల మధ్య నాకు విమలా ఆంటీ విసుగు గొంతు వినిపించింది.

వరంగల్‌లో కాలేజీ పిల్లలకు సోషియాలజీ చెప్పి రిటైరైన ఆంటీ, ఆక్లాండ్ శివారు పాపకూరలో మా ఎదురింట్లో కూతురి దగ్గర ఉండేవారు. ఓసారి బస్‌స్టాప్‌లో నా మోచేయి పొడిచారు. "చూడు, ఒకడు రోడ్డు మీదికి తొంగి చూస్తే అందరూ తొంగి చూస్తుండ్రు. చూస్తే బస్సు జల్ది వస్తదా?"

"మీరూ చూస్తుండ్రు గద ఆంటీ!"

"నేను చూసేది బస్సును గాదు, వీళ్లను."

మా తెలుగువాళ్ల పండుగలూ, పిల్లల శనివారం తెలుగు క్లాసూ ఒకే స్కూల్ హాల్లో జరిగేవి. తిన్నాక హాలును సంతలా వదిలి వెళ్లడం మా అలవాటు. ఇంకోసారి ఇలా చేస్తే హాలు ఇవ్వనని కేర్‌టేకర్ తెగేసి చెప్పాడు. హాలు పోతే క్లాసూ పోతుంది. మా పాప అప్పుడప్పుడే తన పేరు తెలుగులో రాస్తోంది. ఆ ఉగాది రోజు భోజనాలయ్యాక నేనే మైకు అందుకున్నాను. "మనవాళ్ల సంగతి తెల్సిందే గద! తినెటందుకు రెండొందల మంది, కుర్చీలు మడిచెటందుకు ఇద్దరు!" హాలు ఘొల్లుమంది. నవ్వుతూ నవ్వుతూనే అందరూ కారు తాళాలు తీశారు. మిగిలిన ఇద్దరం ఆంటీ, నేను.

"ఏం జేసినవో తెల్సా?" ఆవిడ కుర్చీని నేలకేసి కొట్టినంత పనిచేశారు. "ఎవ్వరూ చెయ్యరని మైకులో చెప్పి, చెయ్యనోళ్లకు తోడు చూపించినవ్. నేనొక్కదాన్నే ఎందుకు చెయ్యాలె అనుకోరా మరి?"

"నవ్వుతరని అన్న ఆంటీ."

"నవ్విండ్రు గద! నవ్వితే పని అయిపోయిందనుకుంటరు. అందరినీ పిలిస్తే ఎవర్నీ పిలవనట్టే బిడ్డా. పేరు పెట్టి పిలువు."

కేర్‌టేకర్‌ను బతిమాలి ఇంకొక్క అవకాశం తెచ్చుకున్నాం. బతుకమ్మ నాడు నేను మైకు ముట్టుకోలేదు. ఒక్కణ్ణే కుర్చీలు మడవడం మొదలుపెట్టాను. జనం నా చుట్టూ తిరిగి నడిచారు, ఒకాయనైతే మంచినీళ్లు తెమ్మన్నాడు. ఒళ్లు మండింది. జోకు నాలుక చివరిదాకా వచ్చింది. ఆంటీ దూరం నుంచే కళ్లురిమారు. మింగేసి, ఫోన్‌లో తల దూర్చిన రమేశ్‌ను పిలిచాను. "రమేశన్నా, ఈ టేబుల్ ఆ చివర పట్టు." ఫోన్ జేబులో పెట్టి పట్టాడు. వాళ్లావిడ చీపురు తీసింది. ఆ తర్వాత ఎవరు ఎప్పుడు కలిశారో తెలియదు, హాలు ఖాళీ అయింది. మెల్లగా జారుకున్నవాళ్లూ లేకపోలేదు. కేర్‌టేకర్ నాలుగు మూలలూ చూసి, "శనివారం కలుద్దాం" అన్నాడు.

ఇప్పుడు ఆంటీ టౌరంగా అనే ఊళ్లో కొడుకు దగ్గర ఉన్నారు. "మన జనమే అంత" అనే మాట నా నోటికి ఇంకా వస్తూనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా పళ్లు బిగించి, ఎదురుగా ఉన్నవాళ్లలో ఒకరి పేరు వెతుక్కుంటాను.

ఆ బతుకమ్మ రోజు ఇంటికి డ్రైవ్ చేస్తూ ఛాతీ విరిచాను. "చూసిండ్రా ఆంటీ! నన్ను చూసి హాలు మొత్తం లేచింది!"

ఆవిడ సీటు బెల్టు సర్దుకుంటూ అన్నారు. "నిన్ను చూసి ఎవడు లేచిండు బిడ్డా? నిన్ను చూసి పిచ్చోడనుకున్నరు. రమేశ్‌ను చూసి లేచిండ్రు."