షావుకారు కారు, ముప్ఫయ్యొక్క కారణాలు, ఒక మేక

ఆ రోజుల్లో మా విశాఖ వైపు క్లచ్ లేని కారు వచ్చిందంటే జనం చుట్టూ మూగి చూసేవారు. గేర్లు వాటంతటవే మారతాయని చెబితే మొదట నమ్మేవారు కాదు. నమ్మాక డ్రైవరు ఎడమకాలి మీద జాలిపడేవారు. "మరి ఎడంకాలు ఏటి సేత్తాది, ఊరికే కూకుంటాదా?" అని ఒక పెద్దాయన నన్ను నిలదీశాడు కూడా. అలాంటి రోజుల్లో ఆటోమొబైల్ డిప్లమా చేతబట్టుకుని, చొక్కా జేబులో రెండు రంగుల పెన్నులూ ఒక చిన్న స్కేలూ పెట్టుకుని నేను గ్రీజు మావ వర్క్‌షాపులో చేరాను. మెకానిక్కు జేబులో స్కేలెందుకని ఇప్పుడెవరైనా అడిగితే నా దగ్గర ఒకటే జవాబు: పట్టికల గీతలు వంకర పోకూడదని.

గ్రీజు మావ ఆ వర్క్‌షాపు యజమాని. నాకు వరసకు మావేం కాదు, ఊరందరికీ మావే. బానెట్ మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని, ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాడు. నేను కళ్ళు తెరుచుకుని నోట్‌బుక్కు తీసేవాణ్ణి. ఆరు నెలలు పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు. ఐదు నెలలు గడిచేసరికి నా దగ్గర నాలుగు నోట్‌బుక్కులు నిండాయి, ఖాయం అన్న మాట మాత్రం మావ నోట మళ్ళీ రాలేదు. "ఒరే ఇంజినీరూ, బండి బాగు సేత్తన్నావా, బండికి జాతకం రాత్తన్నావా?" అనేవాడు. (రాస్తున్నది జాతకమే. పుట్టిన సంవత్సరంతో సహా.)

సరిగ్గా ఆరో నెలలో కాఫీ షావుకారుగారి కారు వచ్చింది. ఆయన కాపురం ఘాటు రోడ్డు కింద ఎస్.కోటలో, వ్యాపారం ఘాటు మీద అరకులో. వారానికోసారి భార్యతో కలిసి పైకి వెళ్ళి కాఫీ గింజలూ మిరియాలూ చూసుకుని వచ్చేవారు. కారు పెద్దది, విదేశాలది, ముగ్గురి చేతులు మారి ఈయన దగ్గరికి చేరింది, ఆటోమేటిక్. దాని రోగం ఏమిటంటే, ఘాటు ఎక్కుతూ అనంతగిరి ఇంకా కొంత దూరం ఉందనగా గేరుబాక్సు ఆయిలు వేడెక్కిపోయి ముందు ఎర్రలైటు వెలిగేది. అక్కడికీ ఆపకపోతే ఇంజను గర్జించేది తప్ప చక్రాలు కదిలేవి కావు. అరగంట ఆపితే చల్లబడి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ బయల్దేరేది. కింద విశాఖలో ఎంత తిప్పినా మచ్చుకైనా వేడెక్కేది కాదు. మూడు వారాల్లో మూడుసార్లు మా దగ్గరికి వచ్చింది, మూడుసార్లూ ఆరోగ్యంగా తిరిగి వెళ్ళింది.

ఆటోమేటిక్ గేరుబాక్సులో పనంతా ఆయిలుది. కొండెక్కేటప్పుడు అది మరిగిపోకుండా సన్నటి గొట్టాల్లోంచి కారు ముందుభాగానికి వచ్చి, అక్కడ జాలీ వెనకున్న చిన్న కూలర్‌లో గాలికి చల్లబడి వెనక్కి పోతుంది. ఇంతవరకు పుస్తకంలో ఉంది. ఆ ఆయిలు వేడెక్కడానికి ఏమేం కారణాలుండొచ్చో ఆలోచించి నేను ముప్ఫయ్యొక్క కారణాల జాబితా తయారుచేశాను. ఆయిలు తక్కువ కావడం, ఎక్కువ కావడం, పాతబడడం, గొట్టం నొక్కుకుపోవడం, కూలర్ రెక్కల్లో దుమ్ము పట్టడం, బ్రేకు పట్టేసి ఉండడం, ఇలా. జాబితాకు ముందు, పరీక్షకు బండిని సిద్ధం చేసే పద్ధతి కూడా రాసుకున్నాను. అందులో మొదటి వాక్యం నాకిప్పటికీ కంఠతా వచ్చు: "ముందున్న పూలదండలు, వేపమండలు, పసుపు గుడ్డ భక్తితో తీసి పక్కన పెట్టవలెను." షావుకారమ్మగారు ఘాటు మొదట్లో ఉన్న అమ్మవారి గుడి దగ్గర ఆగి, కారు ముందు జాలీకి బంతిపూల దండ కట్టనిదే పైకి కదలనిచ్చేవారు కాదు. మొదటిసారి వేడెక్కాక దండతోపాటు వేపమండలు చేర్చారు. రెండోసారి వేడెక్కాక వాటి మీద పసుపు గుడ్డ చుట్టారు. నేను ప్రతిసారీ ఆ వాడిపోయిన సరంజామానంతా చేతులు కడుక్కుని మరీ తీసి, బల్ల మీద పేపరు పరిచి పెట్టి, అప్పుడు కూలర్ ముందు వంగి చూసేవాణ్ణి. కూలర్ శుభ్రంగా ఉండేది. టిక్కు పెట్టేవాణ్ణి.

మూడోసారి మావ సహనం తెగింది. "గేరు డబ్బా దింపీసి మద్రాసు లారీ ఎక్కించీడమే," అన్నాడు. దింపితే బండి రెండు నెలలు లేవదని నేనన్నాను. రోగం తెలియకుండా కడుపు కొయ్యకూడదని కూడా అన్నాను. మావ నన్ను పైనించి కిందికి చూశాడు. "అలగే. శెనివారం నాటికి నీ కాయితం రోగం సెప్పాల. సెప్పిందా, ఉజ్జోగం నీది. సెప్పలేదా, డబ్బా మద్రాసుకి, నువ్వు బళ్ళు కడిగే సోటికి. రబ్బరు బూట్లు నీ కాలికి సరిపోతాయో లేదో ఇప్పుడే సూసుకో." చూసుకున్నాను. సరిపోయాయి. అదే నన్ను భయపెట్టింది.

మేం ఖాళీ బండిని ఘాటెక్కించి చూసినా రాని వేడి షావుకారు దంపతులు ఎక్కితే ఎందుకొస్తోందన్నదే ప్రశ్న కాబట్టి, తేడా బరువులో ఉందని తేల్చాను. గురువారంనాడు మావతో ఎస్.కోట వెళ్ళి, వాళ్ళ గోడౌనులో గింజలు తూచే పెద్ద కాటా ఎక్కమని దంపతులను వినయంగా అడిగాను. షావుకారుగారు వెంటనే ఎక్కబోయారు. అమ్మగారు మాత్రం చెయ్యి అడ్డం పెట్టి, "ఇద్దరినీ కలిపి తూచు నాయనా. విడివిడిగా అయితే నేను ఎక్కను," అన్నారు. కలిపే తూచాను. నూట అరవై ఎనిమిది కిలోలు. ఆ అంకె అమ్మగారికి వినపడకుండా రాసుకుని, సరిగ్గా అంతే బరువున్న చోడి (రాగుల) బస్తాలు కారులోకి ఎత్తించాను. (నేనూ మావా అన్ని పరీక్షల్లోనూ ఉంటాం కాబట్టి మమ్మల్ని లెక్కలోంచి కొట్టేశాను.) మావ నడిపాడు. గుడి దగ్గర ఆగబోతే, మధ్యలో ఆగితే పరీక్ష పాడవుతుందని నేనే ఆపనివ్వలేదు. ఆయన స్టీరింగు మీంచి ఒక చెయ్యెత్తి దండం పెట్టాడు. కారు ఆ బస్తాలతో అరకు దాకా పువ్వులా ఎక్కింది. ఎర్రలైటు కాదుగదా, దాని నీడ కూడా కనపడలేదు. దిగుతుంటే మావ అన్నాడు, "నాకు తెలిసిపోనాదిరా. బండికి షావుకారమ్మంటే బయ్యం."

ఇక మిగిలింది శనివారం. దంపతులతోనే బయల్దేరాం. జాబితాలో పదిహేడో కారణం 'డ్రైవరు ఎడమకాలు తెలియకుండా బ్రేకు మీద ఆనించుట' కాబట్టి, షావుకారుగారిని ఎడమకాలు సీటు మీదికి మడిచి పెట్టుకుని నడపమన్నాను. "సత్యనారాయణ వ్రతానికి కూర్చున్నట్టుందయ్యా," అంటూనే పాపం నడిపారు. గుడి దగ్గర అమ్మగారు దిగి, నేను పడుతున్న శ్రమ చూసి కడుపు తరుక్కుపోయిందని, ఎప్పటి దండతోపాటు నా పేరు మీద ఇంకో దండ కట్టారు. వేపమండలు రెట్టింపు, పసుపు గుడ్డ కొత్తది. నేను కళ్ళు మూసుకుని ఉద్యోగం కోసం మొక్కుకున్నాను. ముడి సరిగ్గా పడలేదంటే వంగి, జాలీకి బిగించి కట్టింది నేనే.

ఎప్పుడూ ఆగే మలుపు కంటే రెండు మలుపులు ముందే ఎర్రలైటు వెలిగింది. షావుకారుగారు ఈడ్చుకుంటూ ఆ మలుపు దాకా తెచ్చి ఆపారు. అక్కడ రోడ్డు పక్క అనాసపళ్ళు అమ్మే కొండ పెద్దమ్మ ఒకావిడ ఉండేది. పక్కనే కట్టేసిన నల్లమేక. ఆవిడ మమ్మల్ని చూసి లేచి నిలబడింది. "ఈ వారం బేగి వచ్చీసినారే. ఇంకా పళ్ళు కొయ్యనేదు," అంది.

మావ కారు దిగి నా వైపు చూడకుండా, "బూట్లు గుమ్మం కాడే ఉన్నాయి," అన్నాడు. నేను నోట్‌బుక్కు తెరిచి ముప్ఫయ్యొక్క టిక్కుల వంక చూస్తూ గట్టు మీద కూర్చున్నాను. షావుకారుగారు తిమ్మిరెక్కిన ఎడమకాలు చాపుకున్నారు. అందరం తలా ఒక అనాసముక్క నములుతూ లోయలోకి చూస్తున్నాం. అరగంటకి వెనకనించి అమ్మగారి గొంతు వినపడింది. "ఏమండీ, దండ."

తిరిగి చూస్తే, మేక ఎప్పుడు తాడు తెంపుకుందో, కారు ముందు నిలబడి ఆఖరి బంతిపువ్వు నములుతోంది. రెండు దండలు, వేపమండలు ఖాళీ. పసుపు గుడ్డ దాని నోట్లోంచి వేలాడుతోంది. అమ్మగారు లెంపలు వేసుకున్నారు. "అపచారం. ఇంక ఇది అరకు చేరినట్టే," అన్నారు. పెద్దమ్మ గుడ్డ లాగడానికి చూసింది. మేక దాన్ని కూడా ఇచ్చేలా లేదు.

మేమంతా తప్పు చేసినవాళ్ళలా ఎక్కాం. కారు కదిలింది. ఒక మలుపు, రెండు మలుపులు, అనంతగిరి. నేను ఆ లైటు వంక పరీక్షాఫలితాల బోర్డు వంక చూసినట్టు చూస్తూ కూర్చున్నాను. అది వెలగలేదు. అరకు వచ్చేసింది. మావ దిగి నన్ను పక్కకి లాక్కెళ్ళాడు.

"ఏటి సేసినావురా?"

"నేనేం చెయ్యలేదు మావా."

"మరెవుడు సేసినాడు?"

"మేక," అన్నాను. అప్పటికి అది నా నోట దానంతటదే వచ్చిన మాట. తర్వాత నోట్‌బుక్కు మొదటి పేజీ తెరిచాను. నా గుండ్రటి చేతిరాతలో, కింద ఎర్రపెన్నుతో గీత గీసి మరీ ఉంది మొదటి వాక్యం. రోగాన్ని భక్తితో తీసి పేపరు మీద పెట్టి, ఆ తర్వాత రోగం ఎక్కడుందా అని మూడు వారాలు వెతికిన మనిషిని నేను. కొండ మీద నెమ్మదిగా ఎక్కే బండికి అసలే గాలి తక్కువ. ఆ ఉన్న గాలికి కూలర్ ముందు పూలతోట అడ్డం. బండి వేడెక్కిన కొద్దీ మొక్కు పెరిగింది, మొక్కు పెరిగిన కొద్దీ బండి వేడెక్కింది.

కారణం దొరికింది గానీ చెప్పడం ఎలా? తిరుగుప్రయాణంలో మావ ఆ మేకని మళ్ళీ చూడాలన్నాడు. అదే మలుపులో ఆగాం. నేను గాలి, గొట్టాలు, కూలర్ గురించి చాలాసేపు మాట్లాడాను. అమ్మగారు చివరిదాకా విని, మెల్లగా అడిగారు. "అంటే అమ్మవారి దండ వల్ల బండి చెడిందంటావా?"

షావుకారుగారు హఠాత్తుగా లోయ అందం చూడసాగారు. మావ టైరు తన్ని చూశాడు. నేను నోట్‌బుక్కులో పేజీలు తిప్పాను. అప్పుడు పెద్దమ్మ అనాసపండు చెక్కుతూనే, తల ఎత్తకుండా అంది. "దండ మెడకెయ్యాల గాని, ముక్కుకి కట్టీసినారేటి అమ్మగోరూ? మోపు నెత్తినెట్టుకొని కొండెక్కీవోడికి ఊపిరాడద్దా? నాను మూడు వారాల్నుంచి సూత్తన్నాను. అడిగితే సెప్పీదాన్ని."

అమ్మగారు ఆలోచించారు. తర్వాత నా వైపు తిరిగి, "ముక్కెక్కడుందో నువ్వు ముందే చెప్పొచ్చుగా నాయనా," అన్నారు. ఆ రోజు నించి దండ కారు లోపల అద్దానికి చేరింది. అమ్మవారే మేక రూపంలో వచ్చి ముడుపు అందుకుందని ఆవిడ తీర్మానించి, దానికి రెండు అరటిపళ్ళు తినిపించారు. నేను అభ్యంతరం చెప్పలేదు. నా ముప్ఫయ్యొక్క కారణాల కంటే అది బలంగా ఉంది.

మావ ఇచ్చిన మాట తప్పలేదు. కాకపోతే వర్క్‌షాపు మొత్తం వినేలా, "ఉజ్జోగం ఇచ్చీడానికి నాకేటీ అబ్యంతరం నేదురా. కాని రోగం కనిపెట్టింది ఆ మేక. ముందు దాన్నడగాల, వత్తాదో రాదో," అన్నాడు. అది రానందువల్ల నన్ను ఖాయం చేశాడని మావాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు.

ఇరవయ్యేళ్ళు దాటాయి. మొన్న మా సొంత కారులో (అదీ ఆటోమేటిక్కే, ఎడమకాలు ఊరికే కూర్చుంటుంది) ఆ ఘాటు ఎక్కుతూ ఆ మలుపులో ఆగాను. పెద్దమ్మ లేదు. ఆవిడ కూర్చునే చోట ఇంకెవరో మొక్కజొన్న పొత్తులు కాలుస్తున్నారు. గట్టు మీద ఒక నల్లమేక నిలబడి ఉంది. అద్దానికున్న దండ తీసి దాని ముందు పెట్టాను. అది ఒకసారి వాసన చూసి, తలెత్తి నన్నోసారి చూసి, నమలడం మొదలుపెట్టింది. ఆ చూపులో పాత పరిచయం ఉన్నట్టే అనిపించింది. మేకలు ఎన్నేళ్ళు బతుకుతాయో నాకు తెలుసు. చిన్నప్పటి లెక్కల అలవాటు పోలేదు. అయినా ఆ ఒక్కసారికీ లెక్క వెయ్యకుండా, దానికి దండం పెట్టి కారెక్కాను.