హీటర్ గాలి

మా కారులో హీటర్ ఉండేది. గుంటూరు జిల్లాలో కారుకు హీటరేమిటని ఊరంతా పడీ పడీ నవ్వింది. ఆ కారును నాన్న టీ తోటలున్న కొండ ప్రాంతం నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చాడు. హీటర్ దానితోపాటే వచ్చింది. "మిరపకాయలు ఆరబెట్టుకోవడానికా బాబాయ్?" అని కుర్రాళ్ళు ఏడిపిస్తే నాన్నకు ఒళ్ళు మండేది. నేనేమీ తక్కువ తినలేదు, నేనూ నవ్వాను.

తెల్లదోమ పత్తిని పీల్చి పిప్పి చేసిన ఎనభైల నాటి సంగతి. మా ఊరు గుంటూరు నుంచి వస్తే సత్తెనపల్లికి అవతల. ఎవరి చేలో చూసినా మందు కొట్టడమే. డ్రమ్ములో మందు పోసి, మోచేతి దాకా చెయ్యి ముంచి కలిపేవాళ్ళు. మా తమ్ముడూ అంతే. కర్రతో కలిపి చావరా అని నేను ఎంత మొత్తుకున్నా వినేవాడు కాదు. "చేత్తో అయితే కలిసిందో లేదో తెలుస్తుందక్కా" అనేవాడు. వెధవకి అదొక గొప్ప.

ఆ రోజు పొద్దెక్కాక కూలీలు వాడిని చేలోంచి మోసుకొచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. నోటి వెంట చొంగ కారిపోతోంది. ఒళ్ళంతా చెమట. కంటిపాపలు ఆవగింజల్లా అయిపోయాయి. అమ్మ గుండెలు బాదుకుంది. ఊళ్ళో ఉన్న ఆర్‌ఎంపీ డాక్టరు ఇంజెక్షన్ చేసి, బట్టలు తీయించి, సబ్బు పెట్టి కడిగించాడు. "ఇక నావల్ల కాదండీ, గుంటూరు తీసుకుపోండి" అని నాన్నతో అన్నాడు. నావైపు తిరిగి, "ఊపిరి చూసుకుంటూ ఉండమ్మా. ఆగితే మాత్రం..." అని ఆపేశాడు.

వెనక సీట్లో వాడి తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టి, తగిలే ప్రతి ఊపిరికీ దేవుడికి దణ్ణం పెట్టుకుంటూ కూర్చున్నాను. సత్తెనపల్లి దాటి కొంత దూరం పోయామో లేదో, నాన్న "ముల్లు లేస్తోందే" అన్నాడు. చూస్తే వేడి చూపించే ముల్లు ఎర్రగీతను ముట్టుకుంటోంది. కారు రోడ్డు పక్కకి తీసి బానెట్ ఎత్తాడు. బుస్సుమని ఆవిరి కొట్టింది. రెండు వైపులా పత్తి చేలే, మనిషి లేడు. ఎదురుగా ఒక్క బండి రాలేదు.

"ఏదో ఒకటి చెయ్యి నాన్నా!" అని అరిచాను.

"నోరు ముయ్యవే, చూడనీ."

తడి గోనెపట్టా కప్పి రేడియేటర్ మూత తిప్పాడు. అయినా చెయ్యి కాలింది. డబ్బాలో తెచ్చుకున్న నీళ్ళు ఇంజన్ నడుస్తుండగానే కొద్దికొద్దిగా పోశాడు. బెల్టు తెగలేదు, గొట్టాలు కారడం లేదు. ముల్లు మాత్రం దిగలేదు. అప్పుడన్నాడు, "ముందుకి వంగి ఆ హీటర్ మీట లాగు. గాలి వేడిగా వస్తోందా, చల్లగానా?"

లాగాను. మొహం మీదికి సెగ కొట్టింది. "కాలిపోతోంది నాన్నా!"

"అయితే లోపల నీళ్ళు తిరుగుతున్నాయి. పంపు బాగానే ఉంది. రేడియేటర్‌కి గాలే ఆడటం లేదు."

భుజం మీది కండువా తీసి కారు ముందు పట్టుకున్నాడు. రేడియేటర్ వెనక ఫ్యాను తిరుగుతోంది కాబట్టి గుడ్డని లోపలికి లాక్కోవాలి. కండువా కదలకుండా వేలాడింది. ముందు జాలీ ఊడబెరికి చూస్తే రేడియేటర్ కనిపించలేదు, పత్తి కనిపించింది. ఆ సీజనంతా మా పత్తి మూటలు గింజ తీసే జిన్నింగ్ మిల్లుకు చేరవేసింది ఈ కారులోనే. మిల్లు ఆవరణలో ఎగిరే దూది లోపలికి చేరేది. అమ్మేమో శుక్రవారం శుక్రవారం కారు మొహాన చెంబులతో నీళ్ళు కొట్టి పసుపూ కుంకుమా పెట్టేది. తడిసిన దూది వారం వారం ఒక పొరై, గోడకు కొట్టిన పిడకలా అతుక్కుపోయింది.

నాన్న దాన్ని వేళ్ళతో పీకాడు. కాలుతోందని ఆగలేదు. పైపొర వచ్చింది, సందుల్లోది రాలేదు. "హీటర్ ఆపొద్దు. కొంత వేడి అదైనా లాగుతుంది" అని బండి కదిలించాడు.

అక్కడ మొదలైంది నా నరకం. కారంతా వేడిగాలి నిండిపోయింది. నా వేలికి తగిలే వెచ్చదనం వాడి ఊపిరో, హీటర్ గాలో తెలియడం లేదు. ఛాతీ మీద చెయ్యి వేస్తే బండి కుదుపులే అందుతున్నాయి. వాడు పోయాడేమో, నేను శవాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నానేమో అనిపించింది. అంత భయం నేను మళ్ళీ జన్మలో ఎరగను.

"నాన్నా, హీటర్ ఆపు! ఊపిరి తెలియట్లేదు!"

"ఆపితే ఇంజన్ పట్టేస్తుందే!"

"ఆపు నాన్నా, నీకు దణ్ణం పెడతాను!"

ఆపాడు. అద్దాల్లోంచి బయటి గాలి వచ్చింది. వేలు పెట్టి కూర్చున్నాను. ఏమీ లేదు. ఇంకా ఏమీ లేదు. అప్పుడు, దారప్పోగంత సన్నగా, వెచ్చగా తగిలింది. "ఉంది నాన్నా, ఉంది!" అన్నాను. ముల్లు అప్పటికే ఎర్రగీత దాటింది. నాన్న మళ్ళీ హీటర్ వేశాడు. గుంటూరు దాకా అంతే. నేను అరిచినప్పుడల్లా ఆపడం, వేలికి తగిలిందనగానే వెయ్యడం. ఆసుపత్రి గేటు లోపల ఇంజన్ తనంతట తానే ఆగిపోయింది.

వాడు బతికాడు. కొన్నాళ్ళకు కళ్ళు తెరిచి మమ్మల్ని గుర్తుపట్టాడు. మంచినీళ్ళడుగుతాడనుకుని గ్లాసు అందుకున్నాను.

"మిగిలిన సాళ్ళకి మందు కొట్టారా అక్కా?" అన్నాడు.

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నీ మొహం మండా, చచ్చి బతికావురా!" అన్నాను.

"దోమ ఆగదు గదక్కా."

గుమ్మం దగ్గర నుంచి నాన్న అన్నాడు, "నువ్వు పడుకోరా. రేపు నేను కలిపి కొడతాలే."

నాన్న చేతుల వైపు చూశాను. అరచేతుల్లో బొబ్బలు చితికి, ఇంకా పచ్చిగానే ఉన్నాయి.