పీట పట్టుకుని పిలుపులు

మలేరియా తగ్గి రెండేళ్ళైనా విజయదుర్గకి సత్తువ తిరిగి రాలేదు. ఒకరోజు ఇల్లు కడిగితే నాలుగు రోజులు మంచమే. కోరాపుట్ డాక్టరు, "అలిసేక ఆగడం కాదమ్మా, అలవకముందే ఆగాలి" అన్నాడు. అప్పట్నుంచి ఆవిడ చంకలో ఒక చిన్న పీట. అన్న సూర్యం పోయేముందు చేసిచ్చింది. పప్పు పొయ్యిమీద పెట్టి కూర్చునేది, పోపు వేసి కూర్చునేది. చూసినవాళ్ళు నవ్వేవారు.

తొంభై ఎనిమిదిలో కూతురు సుజన పెళ్ళి కుదిరింది. "కన్యాదానానికి నువ్వు పీటలమీద లేకపోతే నాను తాళి కట్టించుకోను" అంది పిల్ల. కానీ అంతకుముందు రాయగడలో నలభై ఇళ్ళకి తల్లే స్వయంగా వెళ్ళి బొట్టు పెట్టి పిలవాలి.

"ఆటో ఎక్కితే ఒక్కపూట పని. నానైతే పిలిసొచ్చి వంట కూడా సేసేద్దును" అంది ఆడపడుచు కామేశ్వరమ్మ.

"నువ్వు సేస్తావొదినా. నాను సేస్తే పెల్లికి నన్ను మంచంతో మొయ్యాల."

మూడు వారాలముందే మొదలెట్టి రోజుకి రెండిళ్ళు పిలిచింది. బొట్టు పెట్టేవాళ్ళు ఎక్కడా కూర్చోరు, గుమ్మంలోంచే పరుగెడతారు. ఈవిడ వెళ్ళిన ప్రతిచోటా పీట వేసుకుని కూర్చునేది.

"మాయింట్లో పావుగంట కూకుంది, మేమంటే అంత అబిమానం" అంది పొరుగింటి బంగారమ్మ.

"మాయింట్లో కునుకు కూడా తీసింది" అంది ఎదురింటావిడ.

ఆరిళ్ళు మిగిలాయి. పెళ్ళికి నాలుగు రోజులుంది. కామేశ్వరమ్మ ఆగలేక ఆటో పిలిచి ఆరూ ఒక్కరోజే తిప్పింది. మర్నాటికి విజయదుర్గ మంచం ఎక్కింది. పెళ్ళినాటి ఉదయం కూడా దిగలేదు. సుజన కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అది చూసి బంగారమ్మ తన ఇంట్లో పీట తెచ్చి మంచం పక్కన వేసింది. అది చూసి ఎదురింటావిడ తనదీ తెచ్చింది. గంటలో మంచం నుంచి పందిరి దాకా పదకొండు పీటలు బారు తీరాయి. విజయదుర్గ ఒక్కోదాని మీదా కూర్చుని లేస్తూ బయల్దేరింది.

"అమ్మగారెందాకా వచ్చేరు?" అని పంతులు మధ్యలో మంత్రం ఆపాడు.

"ఏడో పీటమీదున్నారండి."

"మరైతే ఇంకో శ్లోకం లాగుతాను."

పన్నెండోది భర్త పక్కన కన్యాదానం పీట. దానిమీద కూర్చోమని పంతులే చెప్పాడు. అన్నాళ్ళకి ఆవిడ కూర్చోడం చూసి ఎవరూ నవ్వలేదు. సుజన మాత్రం నవ్వింది, తలవంచుకుని.

తాళి పడ్డాక వెనకనుంచి నీరసంగా ఓ గొంతు వినిపించింది. నాలుగు రోజులుగా పందిరంతా తానై తిరిగిన కామేశ్వరమ్మ, స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది.

"దుర్గా, మీ అన్న సేసిన పీట ఓపాలి ఇలాగియ్యి."