పేరు లేని పాపకు పౌరసత్వం

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది సౌదీ అరేబియాలోని దమ్మామ్‌లో ఒక భారతీయ పాఠశాలలో నాకు సీనియర్ లైబ్రేరియన్ ఉద్యోగం వచ్చింది. పుస్తకాలకు నంబర్లు వేయించి వరుసలో పెట్టించడం, కంప్యూటర్లు చూసుకోవడం నా పని. సెలవురోజైన శనివారం మాత్రం ప్రిన్సిపాల్ అనుమతితో గ్రంథాలయాన్ని మనవాళ్లందరికీ తెరిచేదాన్ని. పాస్‌పోర్టులు, ఇక్కడ పుట్టిన పిల్లల పౌరసత్వ నమోదు, అన్నీ ఆన్‌లైన్లోనే కాబట్టి జనం బాగానే వచ్చేవారు.

అలా వచ్చినవాడే గంగాధర్, జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఏసీ మెకానిక్. వెంట భార్య లావణ్య, ఆమె చంకలో కూతురు. పాపకు త్వరలో ఏడాది నిండుతుంది. సౌదీలో పుట్టినంత మాత్రాన ఇక్కడి పౌరసత్వం రాదు. ఏడాదిలోపు మన ఎంబసీలో నమోదు చేయిస్తే భారత పౌరసత్వం తేలిగ్గా వస్తుంది. గడువు దాటితే ఢిల్లీలో హోంశాఖ అనుమతి కావాలి, అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. అందాకా పాపకు పాస్‌పోర్టు లేదు, ఊరి ప్రయాణమూ లేదు.

ఫారం తెరిచి పాప పేరడిగాను. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆసుపత్రి కాగితంలో తల్లి పేరే ఉంది. పాపకు పేరు పెట్టకపోవడంతో సౌదీ జనన ధ్రువపత్రం కూడా తీసుకోలేదు.

"మా అవ్వ పెట్టాలె మేడం. ఊరికి తీస్కపోయినంకనే పేరు పెడ్తమని మాటిచ్చిన," అన్నాడు గంగాధర్. అవ్వ అంటే వాళ్లమ్మ.

నాకు ఒళ్లు మండింది. "ఏం మనిషివయ్యా! పేరు లేకుంటే పాస్‌పోర్టు రాదు. పాస్‌పోర్టు లేకుంటే ఊరికెట్లా పోతావు?" అని కేకలేశాను. లావణ్య కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమె నెలల తరబడి ఇదే మాట చెబుతోందట. తల్లి నొచ్చుకుంటుందని గంగాధర్ ఫోన్లో ఆ ఊసే ఎత్తలేదు.

అక్కడికక్కడే వీడియో కాల్ చేయించాను. సంగతి వినగానే పెద్దావిడ కొడుకును కడిగిపారేసింది. "నాకు ముందుగాల్నే చెప్పద్దారా? పేరు ఎన్నడో అనుకున్న. గాని చెవుల చెప్పెతందుకు మేనత్త ఉండాలె గదా, ఆడ ఎవలున్నరు?"

"నేనున్నా కదమ్మా. నా పేరు ముంతాజ్, మాది ప్రొద్దుటూరు," అన్నాను.

"ఇంకేంది, నువ్వే నా బిడ్డవు. సహస్ర అని చెప్పు. గట్టిగ చెప్పు, పోరికి ఇనవడాలె!"

'నిశ్శబ్దం పాటించండి' అన్న బోర్డు కిందే పాప చెవిలో మూడుసార్లు గట్టిగా చెప్పాను. అత్తగారు ఏ పాతకాలపు పేరు పెడుతుందోనని బెంగపడుతున్న లావణ్య నవ్వేసింది. నాకూ భలే సంతోషమేసింది.

ఆలస్య రుసుము కట్టి జనన ధ్రువపత్రం తెచ్చుకున్నారు. దాంతో మరో శనివారం ఎంబసీ దరఖాస్తు నింపాం. పుట్టినరోజు రాకముందే సహస్ర పేరు భారత పౌరురాలిగా నమోదైంది.

దరఖాస్తు ఆగిపోయిందంటే లోపం కాగితాల్లోనే ఉంటుందని అప్పటిదాకా నా నమ్మకం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, వచ్చినవాళ్లను ఇంట్లో ఎవరి మాట కోసం ఆగారని ముందు అడిగేదాన్ని. అడిగి, వాళ్లకు ఫోన్ చేయించాకే కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని.